మెకానిక్ షెడ్డులో కరెంటు ఖర్చు: అపోహలు – వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల చిన్న షెడ్లకు ఎలక్ట్రికల్ పనులు చేసే నన్ను యజమానులు తరచూ అడిగేది, బిల్లు ఇంత ఎందుకు వస్తోందనే. అడిగినవారిలో చాలామంది అప్పటికే ఏదో ఒక యంత్రాన్ని దాని హార్స్‌పవర్ చూసి అనుమానించి ఉంటారు. బిల్లును నిర్ణయించేది యంత్రం సామర్థ్యం ఒక్కటే కాదు, అది రోజులో ఎంతసేపు తిరుగుతుందన్నది కూడా. ఈ రెండో లెక్క వేయకపోవడం వల్లే కింది అపోహలన్నీ నిలిచి ఉన్నాయని నా అభిప్రాయం.

అపోహ: షెడ్డులో లిఫ్టే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది.

రెండు స్తంభాల లిఫ్టుకు సాధారణంగా 2.2 కిలోవాట్ల మోటారు ఉంటుంది. కారును ఎత్తడానికి అది నిమిషం సేపు తిరిగిందనుకున్నా ఖర్చు దాదాపు 0.04 యూనిట్. అంటే రోజుకు 20 కార్లు ఎత్తినా ఒక యూనిట్ కాదు. అదే షెడ్డులో పాత చోకులతో ఉన్న మూడు ట్యూబ్‌లైట్లు, ఒక్కొక్కటి చోకుతో కలిపి 50 వాట్లకు పైగా తీసుకుంటూ, పది గంటలు వెలిగితే యూనిట్‌న్నర దాటుతుంది. వాటి స్థానంలో 20 వాట్ల ఎల్‌ఈడీ బాటెన్లు, 75 వాట్ల పాత ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల చుట్టూ తీసుకునే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) ఫ్యాన్లు పెట్టడం గురించి ఇక వాదించవలసింది ఏమీ లేదు.

అపోహ: గాలి ఉచితమే కదా, కాస్త లీకైతే ఏమవుతుంది?

అసలు నష్టం ఇక్కడే ఉంది. గాలిని ఒత్తి ట్యాంకులో నింపే కంప్రెసర్ తీసుకునే కరెంటులో అధిక భాగం వేడిగా మారిపోతుంది. ఆ గాలితో నట్లు విప్పే గన్ను చివర ఉపయోగపడే పని 10 నుంచి 15 శాతం మించదు. కాబట్టి షెడ్డులో మనం వాడే శక్తి అన్నింటిలోకీ ఖరీదైనది గాలి రూపంలో ఉన్నదే. 7 బార్ల ఒత్తిడి దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి ఉంటే చాలు, 5 హార్స్‌పవర్ కంప్రెసర్ ఇచ్చే గాలి దాదాపు మొత్తం అందులోంచే పోతుంది. అంత పెద్ద రంధ్రం ఉంటే శబ్దానికి ఎవరైనా కనిపెడతారు. కనిపెట్టలేనివి కప్లర్లలో అరిగిన వాషర్లు, క్లిప్పు వదులైన పైపు చివరలు, ట్యాంకు కింద పూర్తిగా మూసుకోని డ్రెయిన్ వాల్వు. ఇవన్నీ కలిసి ఆ రంధ్రం చేసే పనే చేస్తాయి.

లీకును కొలవడానికి పరికరమేమీ అక్కర్లేదు. సాయంత్రం పని ముగిశాక గన్నులన్నీ పక్కన పెట్టి, కంప్రెసర్‌ను ఆటోమేటిక్‌లోనే ఉంచి, అది ఎంతసేపు తిరిగి ఎంతసేపు ఆగుతోందో ఫోనులోని గడియారంతో నాలుగైదు సార్లు చూడండి. తిరిగిన సమయాన్ని, తిరిగిన, ఆగిన సమయాల మొత్తంతో భాగిస్తే లీకు శాతం వస్తుంది. ఉదాహరణకు ఒకటిన్నర నిమిషం తిరిగి ఎనిమిదిన్నర నిమిషాలు ఆగితే అది 15 శాతం. అటువంటి షెడ్డులో మెయిన్ ఆపకుండా తాళం వేసి వెళితే, 5 హార్స్‌పవర్ యంత్రం పది గంటల రాత్రిలో ఎవరికీ ఉపయోగపడని గాలి కోసం ఆరు యూనిట్ల దాకా ఖర్చు చేస్తుంది. జాయింట్లకు సబ్బు నురగ రాసి బుడగలు వచ్చిన చోట వాషర్లు మార్చడం, రాత్రి స్విచ్చి ఆపి ట్యాంకు దగ్గరి వాల్వు మూయడం — ఇంతకంటే చవకైన పొదుపు నేను ఏ షెడ్డులోనూ చూడలేదు.

అపోహ: ప్రెషర్ ఎంత పెంచితే ఇంపాక్ట్ గన్ అంత బాగా పనిచేస్తుంది.

చాలా గన్నులను 90 పీఎస్‌ఐకి, అంటే 6.2 బార్లకు తయారు చేస్తారు. కంప్రెసర్ ఒత్తిడిని ఒక్కొక్క బారు పెంచినకొద్దీ కరెంటు ఖర్చు 6 నుంచి 7 శాతం పెరుగుతుంది, పైగా లీకులూ పెరుగుతాయి. నట్టు ఊడటం లేదంటే లోపం చాలాసార్లు పైపులోనే ఉంటుంది. పావు అంగుళం పైపును పొడవుగా, మధ్యలో నాలుగు జాయింట్లతో లాగితే ట్యాంకు దగ్గర 120 పీఎస్‌ఐ చూపించే గాలి, గన్ను తిరిగేటప్పుడు దాని దగ్గరకు 80 పీఎస్‌ఐతో కూడా చేరకపోవచ్చు. అందువల్ల గన్ను నడుస్తుండగా దాని మొదట్లోనే గేజి పెట్టి చూసి, ప్రధాన లైనును లావుగా వేసిన తరువాతే ప్రెషర్ స్విచ్చి జోలికి వెళ్లాలి. లారీ టైర్లు చూసే షెడ్లకు ఎక్కువ ఒత్తిడి నిజంగానే అవసరం, వారికి ఈ సలహా యథాతథంగా వర్తించదు.

అపోహ: శబ్దం రాకుండా కంప్రెసర్‌ను మూల గదిలో మూసి పెట్టడం మంచిది.

లోపలికి పీల్చే గాలి 4 డిగ్రీలు వేడెక్కితే ఖర్చు సుమారు 1 శాతం పెరుగుతుంది. మే నెలలో రేకుల కింద గాలి ఆడని గదిలో అది తన వేడినే తాను మళ్లీ పీలుస్తుంది, నూనె కూడా త్వరగా చెడుతుంది. నీడలో, గాలి ఆడేచోట పెట్టి, ఫిల్టరు శుభ్రంగా ఉంచి, బెల్టు బిగువు చూసుకుంటే చాలు.

అపోహ: ప్లగ్గులో పెట్టే పవర్ సేవర్ పెట్టె బిల్లును సగం చేస్తుంది.

ఆ పెట్టెలో సాధారణంగా ఉండేది చిన్న కండెన్సర్ మాత్రమే. బిల్లు కిలోవాట్ అవర్లలో వస్తుంటే అది యూనిట్లను తగ్గించలేదు. మీ బిల్లు కేవీఏహెచ్‌లో (మోటారు పనిగా మారకుండా లాగే కరెంటును కూడా కలిపి లెక్కించే కొలతలో) వస్తుంటే మాత్రం మోటారుకు సరిపడే కండెన్సర్‌ను, దానిని లెక్కగట్టగల ఎలక్ట్రీషియన్ చేత పెట్టించడం వల్ల మేలు ఉంటుంది.

అపోహ: రీవైండింగ్ చేయించిన మోటారు కొత్తదానితో సమానమే.

కాలిన తీగను మంట పెట్టి తీసేచోట స్టేటర్ రేకుల మధ్య ఇన్సులేషన్ దెబ్బతిని, ఆ మోటారు ఖాళీగా తిరిగినా ఎక్కువ తీసుకుంటుంది. వైండింగుకు ఇచ్చే వీలుంటే ముందూ తరువాతా ఖాళీగా తిరిగేటప్పటి కరెంటును టంగ్ టెస్టరుతో (తీగ చుట్టూ పెట్టి కరెంటు కొలిచే పరికరం) కొలిపించండి. మోటారు పూర్తిగా పోతే ఐఈ3 రకం (మోటార్ల సామర్థ్య తరగతుల్లో ఐఈ2 కంటే పైది) కొనండి. అయితే 3.7 కిలోవాట్ల మోటారులో ఐఈ2 సామర్థ్యం 86.3 శాతం, ఐఈ3 88.4 శాతం మాత్రమే కాబట్టి బాగున్న మోటారును తీసి పడేయవలసిన పని లేదు.

అపోహ: సోలార్ పెట్టిస్తే ఇవేవీ పట్టించుకోనక్కర్లేదు.

షెడ్డు పని పగటిపూటే జరుగుతుంది కనుక సోలార్ మనకు బాగానే నప్పుతుంది. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. పైన చెప్పిన రాత్రి లీకుకు సమానమైన కరెంటును పుట్టించడానికే ఒకటిన్నర కిలోవాట్ ప్యానెళ్లు కావాలి. ముందు లీకులు కట్టించి, లైట్లు మార్చి, ఆ తరువాత వచ్చిన రెండు మూడు నెలల బిల్లులు చేతిలో పెట్టుకుని సోలార్ వారితో మాట్లాడితే, వారు వేసే సైజు తగ్గుతుంది, పెట్టుబడీ తగ్గుతుంది.