పాత సున్నపు ఇంటికి సిమెంటు బలమిస్తుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తొలకరి పడిన వారానికే నాకు వచ్చే ఫోన్లలో చాలా వరకు ఒకే ధోరణిలో ఉంటాయి: "తాతగారు కట్టించిన ఇల్లండీ, గోడ అడుగున పెళ్ళలు రాలుతున్నాయి, మేస్త్రీ సిమెంటు పూత వేద్దామంటున్నాడు, వేయించమంటారా?" హైదరాబాదు పాతబస్తీలోనూ సికింద్రాబాదులోనూ డంగు సున్నంతో కట్టిన ఇళ్ళ మరమ్మతులు చూసే ఇంజనీరుగా నా జవాబు ఒక్కటే: వద్దు.

అపోహ: సిమెంటు పూస్తే పాత గోడ గట్టిపడుతుంది.

వాస్తవం: మన దేశంలో నిలదొక్కుకున్న తొలి సిమెంటు కర్మాగారం గుజరాతులోని పోర్‌బందరులో పని మొదలుపెట్టినది 1914లో. అంతకు ముందరి మన ఇళ్ళలో ఇటుకకూ ఇటుకకూ మధ్య ఉన్నది సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో నలిపిన అడుసు. ఆ గోడలకు డీపీసీ, అంటే నేల చెమ్మ పైకి ఎక్కకుండా పునాది మీద వేసే అడ్డు పొర, ఉండదు కనుక నేలలోని చెమ్మ పైకి రావడమూ, సున్నపు పూత గుండా ఆవిరైపోవడమూ ఆ కట్టుబడిలో మొదటి నుంచీ ఉన్నదే. సిమెంటు పూత ఆ దారిని మూసివేస్తుంది. బయటికి పోలేని చెమ్మ గోడలోనే ఇంకా పైకి పాకుతుంది, దానితో వచ్చిన లవణాలు పూత వెనుక స్ఫటికాలై ఇటుక ముఖాన్ని పొడి చేస్తాయి. కొన్నాళ్ళ పాటు గోడ నున్నగా కనబడి ఇంటివారిని మురిపిస్తుంది. ఆ తరువాత ఊడే సిమెంటు పెచ్చు తనతో పాటు ఇటుకను కూడా పెరుక్కొని వస్తుంది. అంతకన్నా ప్రమాదం కంటికి కనబడని చోట, గోడలో కూర్చున్న దూలాల చివరల్లో ఉంటుంది. ఎంత మేలైన టేకయినా ఏళ్ళ తరబడి చెమ్మలో నానితే చివర పుచ్చిపోతుంది, మిద్దె కుంగుతుంది, చూసినవారు ఇల్లు వయసు మీరి పడిపోయిందంటారు.

కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013లో మొదలైన పునరుద్ధరణలో గత శతాబ్దపు సిమెంటు పొరలను తొలగించి మళ్ళీ సున్నమే పూశారు. రాతి గుమ్మటాలకే సరిపడని మందును ఇటుక గోడకు పూయమని సలహా ఇచ్చేవారిని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది.

సికింద్రాబాదులో నాలుగు తరాలు వరుసగా కాపురమున్న ఒక మేడను చూడటానికి వెళ్ళినప్పుడు, వెనుక వాటాలో ఉంటున్న పెద్దావిడ, "మా మరిదిగారు ముందు వాటాకు సిమెంటు చేయించుకున్నారు బాబూ, మాకు ఆ తాహతు లేక ఏటా సంక్రాంతికి వెల్లతోనే సరిపెట్టుకున్నాం, మా వైపు ఉంటుందంటారా?" అని బెరుకుగా అడిగారు. ముందు వాటా గోడలు నడుము ఎత్తు వరకు చెమ్మెక్కి ఉన్నాయి, ఆవిడ వైపు గోడలు దాదాపు పొడిగా ఉన్నాయి. "మీ వాటాకు ఢోకా లేదమ్మా, చూడవలసింది ముందు వాటానే" అని చెబితే ఆవిడ చాలాసేపు నమ్మలేదు. ఇలా లేనిపోని చిన్నతనంతో కుమిలిపోయేవారు నాకు ఎక్కడికి వెళ్ళినా కనబడతారు.

ఇప్పటికే సిమెంటు పూయించినవారు కంగారు పడనక్కరలేదు. ముందు నీటి మూలం వెదకండి: పూడిపోయిన తూము, పగిలిన గొట్టం, పిట్టగోడలో మొలిచిన రావి మొక్క. ఆ తరువాత యంత్రంతో కాకుండా ఉలితో మెల్లగా సిమెంటును ఒలిపించి, గోడను ఒక ఎండాకాలమంతా ఆరనిచ్చి, అప్పుడు సున్నం పూయించండి. ఆ పూత కొన్నేళ్ళకు మళ్ళీ రాలితే అది లోపం కాదు, లవణాలను తనలోకి లాక్కుని ఇటుకను కాపాడడమే దాని పని.

అపోహ: కోడిగుడ్డు సొన, బెల్లం నీళ్ళే పాత కట్టడాల రహస్యం.

వాస్తవం: 1591 నాటి చార్మినారు పేరు చెప్పి ఫోన్లలో తిరిగే ఈ కథ పనికిరాదు. బెల్లం, కరక్కాయ నీళ్ళు కలపడం నిజమే గాని, సున్నాన్ని సరిగా నానబెట్టి, నలిపి, పూశాక తడి ఆరకుండా చూడకపోతే ఏ సొనా ఆదుకోదు.

అపోహ: వారసత్వ కట్టడాల జాబితాలో చేరితే ఇల్లు సర్కారుదైపోతుంది.

వాస్తవం: కాదు. యాజమాన్యం మీదే, అమ్ముకోవచ్చు, పిల్లలకు రాసివ్వవచ్చు. కూల్చడానికీ మార్చడానికీ మాత్రం ముందుగా అనుమతి కావాలి.

అపోహ: పంపకాలయ్యాక ఎవరి సగం వారు ఏమి చేసుకున్నా రెండో సగానికి ఏమీ కాదు.

వాస్తవం: కాగితం మీద గీసిన గీత దూలానికి తెలియదు. ఒకే దూలం ఇద్దరి గదుల మీదుగా పోతుంది, ఒకే గోడ రెండు వైపుల మిద్దెలనూ మోస్తుంది. కొత్త మేడ కోసం అన్న తన సగం కూల్చిన నెలకే తమ్ముడి పడకగది కప్పు కుంగిన ఇంటికి నేనే వెళ్ళాను. అందుచేత వాటాలు రాసుకునే ముందు దూలాలూ దంతెలూ ఏ దిక్కుగా పరచి ఉన్నాయో, వాన నీరు ఎవరి వైపు దిగుతుందో నక్షా గీయించి, దానిని పంపకపు దస్తావేజుకు జత చేయించుకోండి.