గ్రాండ్ కాన్యన్ అడుగున 120 కోట్ల ఏళ్ల ఖాళీ

గ్రాండ్ కాన్యన్ చూసి వచ్చినవాళ్లు దాని లోతు గురించి, వెడల్పు గురించి, పొద్దువాలే వేళ మారిపోయే రంగుల గురించి చెబుతారు. అవన్నీ నిజమే. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, కొలరాడో నది వెంట 446 కిలోమీటర్ల పొడవున సాగే లోయ అది. కొన్నిచోట్ల 29 కిలోమీటర్ల వెడల్పు, కిలోమీటరున్నరకు మించిన లోతు. అంచున నిలబడి చూస్తే అంత పెద్ద నదీ చాలాచోట్ల కంటికి ఆననే ఆనదు.

కానీ ఆ లోయలో అన్నిటికన్నా గొప్ప వింత ఒక గీత. మూడొంతుల లోతు దిగాక, అప్పటిదాకా అడ్డంగా, ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉన్న రాతి పొరలు ఒక్కచోట ఆగిపోతాయి. వాటి కింద నల్లటి రాయి మొదలవుతుంది. దానికి ఆ వరసా లేదు, ఆ పొరలూ లేవు. నిట్టనిలువుగా, మెలికలు తిరిగి, మధ్యమధ్య గులాబీరంగు గ్రానైట్ చారలతో ఉంటుంది. గీతకు పైనున్న రాయి వయసు సుమారు 51 కోట్ల ఏళ్లు. కిందనున్న దాని వయసు దాదాపు 170 కోట్ల ఏళ్లు. మధ్యలో గడిచిన 120 కోట్ల ఏళ్లకు గుర్తుగా అక్కడ చాలాచోట్ల ఒక్క అంగుళం రాయి కూడా లేదు. భూమి మొత్తం వయసు 460 కోట్ల ఏళ్లకు కాస్త తక్కువ. అందులో నాలుగో వంతుకు పైగా కాలం ఆ గీతలో మాయమైంది.

ఏటా నలభై, యాభై లక్షల మంది వెళ్లే చోటు ఇది. వాళ్లలో మన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన తల్లిదండ్రులను తప్పకుండా తీసుకెళ్లే చోట్లలో గ్రాండ్ కాన్యన్ ఒకటి. అంత దూరం వెళ్లి ఆ గీతను చూడకుండా తిరిగి వస్తున్నామే అన్నదే నా బాధ.

గీత విలువ తెలియాలంటే ముందు పైనున్న పొరలను చూడాలి. మనం నిలబడే అంచు లేతరంగు సున్నపురాయి. పేరు కైబాబ్, వయసు 27 కోట్ల ఏళ్లు. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైగా ఎత్తున్న ఆ రాతిలో సముద్రపు స్పంజికల, గవ్వజీవుల శిలాజాలు దొరుకుతాయి. ఒకప్పటి కడలి అడుగు ఇప్పుడు కొండ అంచు అయింది. దాని కాస్త కింద తెల్లటి గోడలా నిలబడ్డ పొర కోకోనినో ఇసుకరాయి. అది సముద్రంలో పేరుకున్నది కాదు, ఎడారిలో గాలి పోసిన ఇసుక తిన్నెలు అలాగే గట్టిపడి రాయి అయ్యాయి. రాతిలోని ఏటవాలు గీతలను బట్టి అప్పటి గాలి ఎటు వీచిందో కూడా చెప్పగలరు. ఆ తిన్నెలెక్కిన నాలుగుకాళ్ల జంతువుల అడుగుజాడలు ఇప్పటికీ రాతి మీద ఉన్నాయి. జంతువుల ఎముకలు మాత్రం ఒక్కటీ దొరకలేదు.

ఇంకా దిగితే రెడ్‌వాల్ అనే పెద్ద గోడ వస్తుంది. లోయ నడుమ, ఎర్రగా, నిటారుగా, ఎక్కడ నిలబడి చూసినా మొదట కంట్లో పడేది అదే. దగ్గరికెళ్లి, ఈమధ్యే పెచ్చూడిన చోట చూస్తే లోపల రాయి బూడిదరంగులో ఉంటుంది. అది 34 కోట్ల ఏళ్లనాటి సున్నపురాయి. పైనున్న ఎర్రమట్టి పొరల్లోని ఇనుము తుప్పు వానతో కలిసి కారి, గోడంతా అలా ఎర్రబారింది. ఆ రంగు రాతిది కాదు, పైపూత.

లోయ మెట్లమెట్లుగా ఎందుకుందో కూడా ఈ పొరలే చెబుతాయి. సున్నపురాయి, ఇసుకరాయి లాంటి గట్టివి గోడలై నిలబడతాయి. షేల్ (బురద గట్టిపడిన రాయి) లాంటి మెత్తనివి వానకూ మంచుకూ పొడిపొడిగా రాలి వాలుగా మారతాయి. కింది మెత్తని పొర తొలిగిపోయాక పైనున్న గట్టిరాయికి ఆధారం పోయి విరిగిపడుతుంది. అలా లోయ వెడల్పవుతూనే ఉంది. నది లోతుకు కోస్తుంది, వానా మంచూ వెడల్పు చేస్తాయి. ఇంతటి లోయనూ నది ప్రధానంగా గత 50, 60 లక్షల ఏళ్లలోనే కోసింది. రాళ్ల వయసుతో పోలిస్తే లోయ పసిది.

ఆ మెట్లలో అన్నిటికన్నా కింది మెట్టు టాపీట్స్ ఇసుకరాయి. ముదురు గోధుమరంగు, ముతక రేణువులు. ఒక సముద్రం మెల్లమెల్లగా నేల మీదికి చొచ్చుకొస్తున్నప్పుడు దాని ఒడ్డున పేరుకున్న ఇసుక అది. దానికి పైనున్న ఆకుపచ్చని షేల్‌లో ట్రైలోబైట్లనే, ఎప్పుడో అంతరించిన సముద్రజీవుల శిలాజాలు ఉన్నాయి. సముద్రాల్లో జంతువులు రకరకాలుగా పెరుగుతున్న కాలమది. ఇక టాపీట్స్ కిందే మన గీత.

గీత కింది నల్లరాయి పుట్టుక వేరే కథ. అది ఒకప్పుడు సముద్రంలోని అగ్నిపర్వత ద్వీపాల లావా, వాటి చుట్టూ పేరుకున్న బురద. ఆ ద్వీపాలు ఖండాన్ని ఢీకొన్నప్పుడు అదంతా నలిగి, భూమిలోకి ఇరవై కిలోమీటర్ల దాకా కూరుకుపోయింది. ఆ వేడికీ ఒత్తిడికీ మగ్గి రూపమే మారిపోయి షిస్టు అనే రాయి అయింది. పైన పెద్ద పర్వతశ్రేణి లేచింది. మరి అంత లోతున తయారైన రాయి మీద సముద్రపు ఒడ్డు ఇసుక ఎలా పరుచుకుంది? పైనున్న ఇరవై కిలోమీటర్ల మందం పర్వతాలతో సహా అరిగి కొట్టుకుపోతే తప్ప అది జరగదు. అదే జరిగింది. లేచిన పర్వతాలన్నీ కోట్ల ఏళ్ల వానల్లో ఇసుకై, బురదై ఎటో పోయాయి. ఆ మోళ్ల మీదికి సముద్రం వచ్చి కొత్త ఇసుక పరిచింది. రెండు రాళ్లూ ఇప్పుడు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. నది మీద పడవలో వెళ్లేవాళ్లు బ్లాక్‌టెయిల్ అనే చిన్న పక్కలోయలోకి నడిచి వెళ్తే ఆ అతుకు మీద చెయ్యి పెట్టవచ్చు. బొటనవేలు ఒక రాయి మీద, చిటికెనవేలు ఇంకో రాయి మీద, మధ్యలో 120 కోట్ల ఏళ్లు.

ఇలాంటి అతుకును భూగర్భ శాస్త్రంలో అన్‌కన్ఫార్మిటీ అంటారు. దాని అర్థాన్ని మొదట గట్టిగా పట్టుకున్నది స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ హటన్. 1788లో ఆయన జాన్ ప్లేఫెయిర్, జేమ్స్ హాల్ అనే ఇద్దరు మిత్రులతో పడవలో సిక్కర్ పాయింట్ అనే రాతి ఒడ్డుకు వెళ్లాడు. అక్కడ నిలువుగా నిలబడ్డ బూడిదరంగు పొరల తలలు చదునుగా అరిగిపోయి, వాటి మీద ఎర్ర ఇసుకరాయి కాస్త వాలుగా పరుచుకుని ఉంది. కింది పొరలు పుట్టినప్పుడు అవీ అడ్డంగానే ఉండాలి. తర్వాత అవి గట్టిపడాలి, ముడతపడి నిలువుగా లేవాలి, పైకి వచ్చి అరగాలి, మళ్లీ నీట మునగాలి, అప్పుడు కొత్త ఇసుక పేరుకోవాలి, అదీ రాయి కావాలి. ఒక్కో దశకు ఎంత కాలం పడుతుంది? భూమి వయసు ఆరువేల ఏళ్లని యూరప్‌లో చాలామంది నమ్ముతున్న రోజులవి. ఆ లెక్కకు అక్కడున్న రాయి లొంగలేదు. అంత లోతైన కాలంలోకి తొంగిచూసేసరికి కళ్లు తిరిగినట్టయిందని ప్లేఫెయిర్ తర్వాత రాశాడు. ఆ సిక్కర్ పాయింట్‌లో లోపించినది ఆరేడు కోట్ల ఏళ్లే. గ్రాండ్ కాన్యన్‌లో దానికి సుమారు ఇరవై రెట్లు.

కాన్యన్‌లోని గీతను శాస్త్రదృష్టితో చూసిన తొలివారిలో జాన్ వెస్లీ పావెల్ ఒకరు. అమెరికా అంతర్యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న ఆయన, 1869లో నాలుగు పడవలతో, తొమ్మిదిమంది మనుషులతో, ఏ పటంలోనూ సరిగా లేని ఆ నదిలో దిగి లోయ దాటాడు. ఒంటిచేత్తో గోడలెక్కి పొరలను పరిశీలించాడు.

ఆ కాలమంతా ఎటు పోయిందన్నది ఇప్పటికీ తేలని విషయం. ఒక వాదన ప్రకారం సుమారు 72 కోట్ల ఏళ్ల నుంచి 63 కోట్ల ఏళ్ల క్రితం మధ్య భూమి దాదాపు మొత్తం మంచుతో కప్పుకుపోయినప్పుడు, కదిలే హిమానీనదాలు ఖండాల మీది కిలోమీటర్ల మందం రాతిని గీకి సముద్రాల్లోకి తోశాయి. ఇంకో వాదన ప్రకారం ఒకే దెబ్బ కాదు, రొడీనియా అనే పాత మహాఖండం కూడుకున్నప్పుడూ విడిపోయినప్పుడూ నేల లేచి, వేర్వేరు చోట్ల వేర్వేరు కాలాల్లో అరిగింది. నాకు రెండో వాదన వైపే మొగ్గు. ఎందుకంటే కాన్యన్‌లోనే కొన్నిచోట్ల ఆ రెండు రాళ్ల మధ్య సూపర్‌గ్రూప్ అనే ఏటవాలు పొరలు మిగిలి ఉన్నాయి. వాటిలో కింది పొర వయసు 125 కోట్ల ఏళ్లు. అంటే ఆ పొర పడేనాటికే నల్లరాయి మీది పర్వతాలు అరిగిపోయాయి. మంచుయుగానికి యాభై కోట్ల ఏళ్ల ముందే పనిలో చాలా భాగం అయిపోయింది. మిగిలిన కోతలో మంచు వాటా ఎంతో లెక్క తేల్చే ప్రయత్నాలు సాగుతున్నాయి.

వెళ్లేవాళ్లకు నా సలహా ఇది. లాస్ వేగాస్ నుంచి చాలామంది రెండు రెండున్నర గంటల్లో చేరగలిగే వెస్ట్ రిమ్‌కు వెళ్లి, హువాలపాయ్ తెగవారి భూమిలో 2007లో కట్టిన గాజు వంతెన ఎక్కి వచ్చేస్తారు. ఇంకో రెండు గంటల ప్రయాణానికి ఓపిక ఉంటే జాతీయ పార్కులోని సౌత్ రిమ్‌కే వెళ్లండి. అక్కడ యావపాయ్ జియాలజీ మ్యూజియం కిటికీల్లోంచి గీత స్పష్టంగా కనిపిస్తుంది. మ్యూజియం దగ్గర్నుంచి గ్రామం వైపు అంచు వెంటే ఒక చదునైన బాట ఉంది, పేరు ట్రెయిల్ ఆఫ్ టైమ్. అందులో ఒక మీటరు పది లక్షల ఏళ్లకు సమానం. ఏ కాలానికి చెందిన రాయిని ఆ కాలం దగ్గర తెచ్చి పెట్టారు, చేత్తో తాకవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా నడవగల బాట అది. టాపీట్స్ రాయి దాటాక అక్కడక్కడా సూపర్‌గ్రూప్ రాళ్లను పలకరిస్తూ, విష్ణు షిస్టు అనే ఆ నల్లరాయి చేరేదాకా 1200 మీటర్లు నడవాలి. ఆ దూరం కాళ్లకు తెలిసినంతగా అంకెల్లో తెలియదు. లోపలికి దిగే ఆలోచన ఉంటే ఒక్క హెచ్చరిక: కిందికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది, వేసవిలో అడుగున 40 డిగ్రీలు దాటుతుంది. నది దాకా దిగి ఒకే రోజులో తిరిగి ఎక్కే సాహసం వద్దు.

విష్ణు షిస్టు అన్న పేరు చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. 1880ల్లో అక్కడ పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ లోయలోని శిఖరాలకు విష్ణు, శివ ఆలయాలని పేర్లు పెట్టాడు. అడుగునున్న నల్లరాయికి ఆ విష్ణు శిఖరం పేరే వచ్చింది.

ఇలాంటి గీతే విష్ణువు కొలువున్న తిరుమల కొండలోనూ ఉంది. ఘాట్ రోడ్డు పక్క రాతిలో కనిపించే ఆ అతుకును భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. పేరు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ. ఆలయానికి కిలోమీటరు దూరంలోని శిలాతోరణమూ అలాంటి స్మారకమే. 2025లో తిరుమల కొండల సహజ వారసత్వం యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ చేరింది. తిరుపతి ఊళ్లోంచి కొండవైపు చూస్తే పైభాగాన నిటారుగా నిలిచిన రాతి గోడలు, వాటి కింద వాలు కనిపిస్తాయి. పైన ఉన్నది క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయే ఇంకా బిగిసి పలుగురాయంత గట్టిపడిన రూపం. కిందిది గ్రానైట్. క్వార్ట్‌జైట్ గట్టిదే అయినా దాని నిండా పగుళ్లుంటాయి. 2021 చివర్లో కురిసిన పెద్ద వానలకు ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడ్డప్పుడు రాకపోకలే ఆగిపోయాయి. రోడ్డుకు రక్షణ ఎంత అవసరమో, ఆ అతుకు ఉన్న చోటును సిమెంటుతో కప్పేయకుండా కాపాడుకోవడమూ అంతే అవసరం. బస్సులో పోయే పిల్లలకు అర్థమయ్యేలా అక్కడ తెలుగులో ఒక మంచి వివరణ ఉంటే ఎంత బాగుంటుంది!

ఆ పిల్లలకు చెప్పవలసింది చాలా ఉంది. శేషాచలం మీది క్వార్ట్‌జైట్ సుమారు 160 కోట్ల ఏళ్లనాటిది, కింది గ్రానైట్ 250 కోట్ల ఏళ్లకు పైబడినది. మధ్యలో 80 కోట్ల ఏళ్లకు పైగా ఖాళీ. అంటే కాన్యన్‌లో అట్టడుగున దొరికే రాయి వయసూ, తిరుమలలో కొండపైన మన కాళ్ల కింద ఉన్న రాయి వయసూ కాస్త అటూ ఇటూగా ఒకటే. కాన్యన్ మొత్తంలో అతి పాత రాయి 184 కోట్ల ఏళ్లది. తిరుపతి గ్రానైట్ దానికన్నా కనీసం 60 కోట్ల ఏళ్లు పెద్దది. కాన్యన్ గీతకు పైన ట్రైలోబైట్లున్నాయి, గవ్వలున్నాయి, అడుగుజాడలున్నాయి. తిరుమల గీతకు పైన అలాంటివేవీ దొరకవు, దొరకబోవు కూడా. ఆ ఇసుక పేరుకున్న తీరంలో అప్పుడు సూక్ష్మజీవులే ఉన్నాయి. అడుగు వెయ్యడానికి కాళ్లున్న ప్రాణి భూమి మీద పుట్టడానికి ఇంకా వంద కోట్ల ఏళ్లు పట్టింది.