లైబ్రరీ కంప్యూటర్‌కి మీ పేరు ఎందుకు కావాలి?

అమెరికా పబ్లిక్ లైబ్రరీల్లో ఇంటర్నెట్ తగవు మళ్ళీ రాజుకుంది. పిల్లల రికార్డులు తల్లిదండ్రులకు చూపించాలని కొందరు, ఫిల్టర్లు ఇంకా బిగించాలని ఇంకొందరు. అసలు ఆ రికార్డే మిగలకూడదని లైబ్రేరియన్లు. ఈ రచ్చ లేచినప్పుడల్లా కథను సెప్టెంబరు 11 దాడుల తర్వాత నిఘా అధికారాలు పెంచిన 2001 పేట్రియాట్ చట్టం దగ్గర మొదలుపెట్టడం అలవాటైపోయింది. 1980లలో ఎఫ్‌బీఐ ఏజెంట్లు లైబ్రరీల చుట్టూ తిరిగిన సంగతి కూడా చాలాసార్లు చెప్పుకున్నదే. ఇవాళ్టి పేచీకి అసలు ముడి పేట్రియాట్ చట్టానికి పది నెలల ముందే, 2000 డిసెంబరు 21న సంతకమైన పిల్లల ఇంటర్నెట్ రక్షణ చట్టంతో పడింది. లైబ్రరీల్లో దాన్ని సీపా అంటారు.

సీపా ఎవరినీ నేరుగా బలవంతపెట్టదు. ఈ-రేట్ అనే ఫెడరల్ పథకం రాయితీతో ఇంటర్నెట్ తీసుకునే లైబ్రరీలు ప్రతి కంప్యూటర్‌కీ, సిబ్బంది వాడేవాటితో సహా, ఫిల్టర్ పెట్టాలి. ఆ రాయితీ 20 నుంచి 90 శాతం. పేద ప్రాంతమైతే ఎక్కువ. కాబట్టి రాయితీ అక్కర్లేదని చెప్పగలిగేది డబ్బున్న ఊళ్ళే. ఆపాల్సింది అశ్లీల బొమ్మలూ వీడియోలే, రాతలు కాదు. మైనర్ అంటే 17 ఏళ్ళు నిండనివారు. పెద్దవాళ్ళు అడిగితే సిబ్బంది ఫిల్టర్ తీసేయవచ్చు. ఎవరు ఏం చూశారో గుర్తుపట్టేలా నమోదు చేయాలని ఈ చట్టం కోరుతున్నట్టు అర్థం చేసుకోకూడదని అందులోనే విడిగా రాసి ఉంది. తల్లిదండ్రులకు చూపించడానికైనా రికార్డు ఉంచడం చట్టం పెట్టిన బాధ్యత అని వాదించేవాళ్ళు ఈ వాక్యం దాకా రారు.

2002లో ఫిలడెల్ఫియాలో ముగ్గురు న్యాయమూర్తుల కోర్టు లైబ్రరీలకు సంబంధించిన భాగాన్ని కొట్టేసింది. 2003 జూన్ 23న సుప్రీంకోర్టు 6-3తో దాన్ని నిలబెట్టింది. నిలబెట్టడానికి ఆసరా అయింది ప్రభుత్వ న్యాయవాది ఇచ్చిన హామీ. పాఠకుడు అడిగితే చాలు, ఎందుకో చెప్పక్కర్లేదు, లైబ్రేరియన్ ఫిల్టర్ తీసేయవచ్చని ఆయన కోర్టుకు చెప్పారు. ఏడేళ్ళు తిరక్కుండానే, 2010లో, వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక ప్రాంతీయ లైబ్రరీ కేసులో పెద్దవాళ్ళు అడిగినా ఫిల్టర్ తీయనక్కర్లేదని తీర్పిచ్చింది. అడిగితే చాలన్న మాట బరువు అంతే.

అసలు చిక్కు అడగడంలోనే ఉంది. ఎదుటివాడు పెద్దవాడా, మైనరా అన్నది యంత్రానికి తెలియాలి. పుస్తకాల విషయంలో లైబ్రరీలు ఈ సమస్యను ఎప్పుడో తేల్చుకున్నాయి. పుస్తకం తిరిగొచ్చాక దాన్ని ఎవరు తీసుకెళ్ళారన్న లంకెను తెంపేస్తారు. కంప్యూటర్ దగ్గర అలాంటి సంప్రదాయం లేదు. సీటు రిజర్వ్ చేసే సాఫ్ట్‌వేర్ కార్డు నంబరు అడుగుతుంది. దాన్ని సిప్2 అనే భాషలో లైబ్రరీ ప్రధాన సర్వర్‌కు పంపుతుంది. కావలసింది రెండే మాటలు: కార్డు చెల్లుతుందా, వయసు దాటిందా. తిరిగొచ్చే జవాబులో మాత్రం పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు, బాకీ ఉన్న జరిమానా, చాలాచోట్ల పుట్టిన తేదీ కూడా ఉంటాయి. సిప్‌ను 1993లో త్రీఎం కంపెనీ తెచ్చింది, అందులో ఎన్‌క్రిప్షన్ లేదు. బయట వీపీఎన్‌తోనో టన్నెల్‌తోనో చుట్టకపోతే ఇదంతా నెట్‌వర్క్‌లో విప్పిన ఉత్తరంలా పోతుంది.

ఆపైన ఆనవాళ్ళు ఒక్కచోట ఉండవు. రిజర్వేషన్ లాగ్‌లో కార్డు నంబరు, సీటు, సమయం. ఫిల్టర్ లాగ్‌లో సీటు ఐపీ (నెట్‌వర్క్ చిరునామా), తెరిచిన సైట్లు. ఈ రెంటినీ సమయంతో జతచేస్తే మనిషి దొరుకుతాడు. ప్రింట్ సర్వర్‌లో ఫైలు పేరు పడుతుంది. ఫైలు పేరే చాలాసార్లు అసలు విషయం చెప్పేస్తుంది. వైఫై కంట్రోలర్‌లో ఫోనును గుర్తుపట్టే మ్యాక్ నంబరు. రీబూట్ అయినప్పుడల్లా డిస్కును పాత స్థితికి తెచ్చే డీప్ ఫ్రీజ్ లాంటివి ఉన్నాయి కదా అంటారు. అవి పనిచేసేది రీబూట్ అయితేనే, లాగాఫ్‌తో కాదు. క్యూ పెరిగినప్పుడు సిబ్బంది ముందు మానేసేది ఆ రీబూట్‌నే. పైగా అవి శుభ్రం చేసేది ఆ ఒక్క కంప్యూటర్‌ని. సర్వర్‌లో పడ్డ లాగ్ జోలికి పోవు.

దీని ఫలితం 2005 జులైలో కనెక్టికట్‌లో బయటపడింది. సుమారు పాతిక లైబ్రరీలకు కంప్యూటర్ సేవలందించే లైబ్రరీ కనెక్షన్ అనే సంస్థ చేతికి ఎఫ్‌బీఐ ఒక జాతీయ భద్రతా లేఖ ఇచ్చింది. జడ్జి సంతకం లేదు. ఎవరికీ చెప్పకూడదన్న ఆంక్ష ఉంది. అడిగింది ఫిబ్రవరి 15న ఒక ఐపీ నుంచి సుమారు 45 నిమిషాల వాడకం వివరాలు. అయిదు నెలలు గడిచాక ఆ సమయంలో ఆ కంప్యూటర్ ముందు ఎవరున్నారో తేల్చే దారి లేదు. అంటే ఆ వేళకు అక్కడున్న వాళ్ళందరి వివరాలూ ఇవ్వాలన్నమాట. డైరెక్టర్ జార్జ్ క్రిస్టియన్, బోర్డు సభ్యులు బార్బరా బెయిలీ, పీటర్ చేస్, జానెట్ నోసెక్ ఇవ్వలేదు, పేర్లు దాచుకుని కోర్టుకెళ్ళారు. సెప్టెంబరులో జిల్లా న్యాయమూర్తి జానెట్ హాల్ నోరుకట్టును తప్పుబట్టారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళడంతో కట్టు అలాగే ఉంది. పేట్రియాట్ చట్టం పొడిగింపుపై కాంగ్రెస్‌లో చర్చ నడిచినన్నాళ్ళూ, దాని దెబ్బ తగిలిన నలుగురూ మాట్లాడలేకపోయారు. 2006 మార్చిలో పొడిగింపు పూర్తయింది, ఏప్రిల్‌లో ప్రభుత్వం నోరుకట్టుపై పట్టు వదిలింది, జూన్‌లో లేఖనే వెనక్కి తీసుకుంది.

ప్రభుత్వ వాదన దర్యాప్తుకు రహస్యం అవసరమని. అది కాదనలేం. అయితే ఏడాది పాటు ఆ సమాచారం లేకుండానే దర్యాప్తు నడిచిందని లేఖ ఉపసంహరణే చెబుతోంది.

ఆ మార్చి సవరణలో లైబ్రరీలకు ఒక మినహాయింపు చేర్చారు. మామూలు లైబ్రరీ పనులకు పరిమితమైతే ఈ లేఖలు వర్తించవు, ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్ సేవ అందిస్తే మాత్రం వర్తిస్తాయి. ఇంటర్నెట్ ఇవ్వడం ఏ ఖాతాలోకి వస్తుంది? మెలిక అక్కడే ఉంది. రికార్డులు అడిగి తీసుకునే అధికారమిచ్చి అందరూ తిట్టిన, పేట్రియాట్ చట్టంలోని 215వ సెక్షన్ 2020 మార్చి 15తో గడువు తీరిపోయింది, భద్రతా లేఖలు మాత్రం ఉన్నాయి.

అందుకే జాగ్రత్తగల లైబ్రరీలు కోర్టును నమ్ముకోకుండా లాగ్‌నే తగ్గిస్తున్నాయి. కార్డుతో ముడిపడని గెస్ట్ పాస్ చీటీ ఇస్తారు: ఒక నంబరు, కొంత సమయం. పెద్దలకూ పిల్లలకూ వేర్వేరు చీటీలైతే పుట్టిన తేదీ అక్కర్లేదు. రిజర్వేషన్ లాగ్‌ను రాత్రికి రాత్రి చెరిపి, ఎంతమంది వాడారన్న లెక్క మాత్రం ఉంచుతారు. ఫిల్టర్‌ను డొమైన్ స్థాయిలోనే, అంటే సైటు పేరు వరకే చూసేలా నడుపుతారు. హెచ్‌టీటీపీఎస్ (సైట్ల గుప్త రవాణా) విప్పి చూసే రకమైతే, దాన్ని నమ్మమని చెప్పే రూట్ సర్టిఫికెట్ ప్రతి కంప్యూటర్‌లో పెట్టాలి, అప్పుడు పాఠకుల బ్యాంకు పాస్‌వర్డ్ కూడా ఆ ఫిల్టర్ పెట్టెలో విడిపోయి కనిపిస్తుంది. ఎక్కువమంది బోల్తాపడేది బ్యాకప్ దగ్గర. లాగ్ చెరిపే పని అర్ధరాత్రికి, బ్యాకప్ రాత్రి పది గంటలకు పెట్టుకుంటారు. చెరిపేశామని రాసివ్వమంటే నిజాయితీగానే రాసిస్తారు, కాపీ మాత్రం బ్యాకప్ సర్వర్‌లో భద్రంగా ఉంటుంది.