పాత భాగం వాపసు: డిపాజిట్ వెనుక కథ

పునర్నిర్మించిన ఆల్టర్నేటర్ (బండిలో కరెంటు పుట్టించే భాగం) కొంటే బిల్లులో రెండు మొత్తాలు కనిపిస్తాయి. ఒకటి ధర, రెండోది ‘కోర్’ డిపాజిట్. బండిలోంచి ఊడదీసిన పాత ఆల్టర్నేటరే కోర్. అది తిరిగి ఇస్తే డిపాజిట్ చేతికొస్తుంది. కాగితం మీద ఇంతే.

1942 ఫిబ్రవరిలో యుద్ధం కోసం అమెరికా ప్రైవేటు కార్ల తయారీని ఆపేసింది. ఉన్న బండ్లనే లాక్కురావలసి రావడంతో అరిగిన భాగాలను విప్పి, కడిగి, బాగుచేసి అమ్మేవారికి గిరాకీ పెరిగింది. యుద్ధం తరవాత ఐరోపాలోనూ అదే దారి: ఫోక్స్‌వ్యాగన్ 1947లో, రెనో 1949లో పారిస్ దగ్గరి షువాజీ-లె-రువాలో ఈ పని మొదలుపెట్టాయి. చిక్కల్లా ఒకటే. ఈ పరిశ్రమకు ముడిసరుకు కొనుగోలుదారు గ్యారేజీ మూలలో పడి ఉంటుంది. దాన్ని రప్పించే ఎరే డిపాజిట్.

ఎర వేస్తే అన్ని రకాల చేపలూ పడతాయి. కొన్ని ముక్కలు పీకేసుకున్న డొల్లలు, పగిలిన హౌసింగులు (పై తొడుగులు), వేరే మోడల్ భాగాలు వచ్చాయి. అందుకే షరతులు: విప్పకూడదు, నూనె వంపేయాలి, నంబరు సరిపోవాలి, గడువు దాటకూడదు, ఎన్ని కొంటే అన్నే తిరిగివ్వాలి. కొత్తది వచ్చిన పెట్టెలోనే పాతది పెట్టమనడం చాదస్తం కాదు. దారిలో గుద్దుకుని ముక్కు వంగిన ఇంజెక్టర్ (ఇంధనం చిమ్మే భాగం) ఎవరికీ పనికిరాదు.

సీసం బ్యాటరీ విషయంలో ఇంత రభస లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు దానికి చట్టప్రకారమే డిపాజిట్ పెట్టించాయి. ఎలాగూ కరిగించే సీసమే కాబట్టి అది పనిచేస్తుందా లేదా అని ఎవరూ అడగరు. జర్మనీలో పన్ను అధికారులైతే వాహనాల పాత భాగానికి పాతది ఇచ్చి తీసుకునే మార్పిడి భాగం ధరలో 10 శాతం విలువ కట్టి, దానిపైనా పన్ను వేసే పద్ధతి పెట్టారు. వాళ్ల లెక్కలో అది చెత్త కాదు, సరుకే.

నా దృష్టిలో అసలు లోపం వేరే చోట ఉంది: డబ్బు తిరిగివ్వాల్సిన సంస్థే పాత భాగాన్ని పరీక్షించి తీర్పు చెబుతుంది. ఒక మోడల్ భాగాలు గుట్టలుగా పోగుపడితే కోర్ విలువనే తగ్గించేస్తుంది. నిల్వ పెట్టుకున్న దుకాణదారుకు నష్టం. ఆల్టర్నేటర్‌నైతే చేత్తో తిప్పి, పగుళ్లు చూసి కౌంటర్ దగ్గరే తేల్చుకోవచ్చు. ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్‌ను, అంటే బండిలోని చిన్న కంప్యూటర్‌ను, కంటితో చూస్తే ఏమీ తెలియదు. సంస్థ పరీక్షించే టెస్ట్ బెంచ్ ఎక్కాక డిపాజిట్ తిరిగి రాదని కబురు వచ్చేసరికి మెకానిక్ తన ఖాతాదారుతో లెక్క ఎప్పుడో తేల్చేసుకుని ఉంటాడు.