దగ్గు లేదంటే కఫం లేదని కాదు: వెన్నుపాము దెబ్బ, ఊపిరిపై అపోహలు - వాస్తవాలు

గుంటూరులో ఫిజియోథెరపిస్టుగా నేను చూసే వెన్నుపాము కేసుల్లో తాటిచెట్టు మీంచి పడ్డవాళ్ళు, సెంట్రింగ్ పనిలో జారిపడ్డవాళ్ళు, బైకు యాక్సిడెంట్ అయినవాళ్ళు ఎక్కువ. ఇంట్లోవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "మళ్ళీ నడుస్తాడా?" ఊపిరి సంగతి ఎవరూ అడగరు. మెడకు దెబ్బ తగిలినవాళ్ళను మళ్ళీ ఆస్పత్రి మెట్లెక్కించేది మాత్రం చాలాసార్లు అదే.

అపోహ: "దెబ్బ మెడకు. ఊపిరితిత్తులకేం కాలేదుగా!"

ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి. వాటిని ఆడించే కండరాలకు కబురు అందదు, అంతే. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా ఉండే డయాఫ్రమ్‌కు నరాలు మెడలోని సి3, సి4, సి5 స్థాయిల నుంచి, అంటే వెన్నుపాము మెడ భాగంలో పైనుంచి మూడు, నాలుగు, ఐదో స్థాయిల నుంచి వస్తాయి. అంతకన్నా పైన వెన్నుపాము పూర్తిగా దెబ్బతింటే వెంటిలేటర్ తప్పదు. దిగువన తగిలితే డయాఫ్రమ్ పనిచేస్తుంది కానీ పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు పడిపోతాయి. వాటి నరాలు వీపు భాగం నుంచి వస్తాయి మరి. వీపు మధ్యలో తగిలినా దగ్గు బలం తగ్గుతుంది. నడుము కింది భాగంలో అయితే ఊపిరికి పెద్దగా ఇబ్బంది ఉండదు.

అపోహ: "దగ్గే లేదు, ఇంక కఫం ఎక్కడిది?"

నన్ను బాగా భయపెట్టే మాట ఇదే. ఒకసారి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని దగ్గి చూడండి. చేతి కింద పొట్ట రాయిలా బిగుసుకుంటుంది. కఫాన్ని పైకి తోసేది ఆ బిగువే. అది లేనివాళ్ళు దగ్గితే గొంతు సవరించుకున్నట్టు ఓ చిన్న చప్పుడు వస్తుంది, కఫం కదలదు. లోపలే ఉండి నెమ్ము చేస్తుంది.

బాపట్ల వైపు నుంచి వచ్చిన ఒక గీత కార్మికుడికి రెండు రోజులుగా గొంతులో గురగుర. భార్యకు చేత్తో దగ్గించడం నేర్పించాను. అరచేతి మడమను బొడ్డుకూ పక్కటెముకలకూ మధ్య ఆనించి, అతను దగ్గే క్షణానికి లోపలికీ పైకీ తొయ్యాలి. "గట్టిగా నొక్కితే లోపలేమైనా అవుద్దేమో మేడమ్" అని ఆమె చెయ్యి వణికింది. మూడుసార్లు లెక్క తప్పింది. నాలుగోసారి "ఊపిరి పట్టు మావా... ఆఁ, దగ్గు!" అంటూ తోసింది. పసుపుపచ్చగా, జిగటగా తెమడ ముద్ద బయటపడింది. అతను అరగంటలో నిద్రపోయాడు.

దీన్ని వీడియో చూసి మొదలుపెట్టకండి, దగ్గరుండి నేర్చుకోండి. తిన్న వెంటనే, పక్కటెముకలు విరిగినప్పుడు, మెడ ఇంకా కుదురుకోకముందు చేయకూడదు.

అపోహ: "పడుకోబెడితే ఆయాసం, కూర్చోబెట్టాలి."

మామూలు ఆయాసానికి ఆ మాట నిజం. మెడ దెబ్బకు తరచూ తిరగబడుతుంది. కూర్చోగానే బిగువు లేని పొట్ట ముందుకు జారుతుంది, డయాఫ్రమ్ కిందికి దిగి చదునవుతుంది, లాగడానికి దానికి పట్టు దొరకదు. వెల్లకిలా పడుకుంటే పొట్టే దాన్ని పైకి నెడుతుంది. అందుకే కుర్చీలో కూర్చున్నంతసేపు పొట్టకు బెల్టు కడతాం. అది అందం కోసం కాదు, ఊపిరి కోసం. అన్నం మాత్రం కూర్చోబెట్టే పెట్టాలి, లేకపోతే పొలమారుతుంది.

అపోహ: "ఆక్సిమీటర్‌లో 97 ఉంది, టెన్షన్ లేదు."

అది ఆక్సిజన్ లెక్క. కండరాలు అలిసిపోతే బయటికి పోవాల్సిన కార్బన్ డయాక్సైడ్ లోపల పేరుకుంటుంది, దాన్ని ఆ క్లిప్పు చూపించదు. ఇంట్లో సిలిండర్ పెట్టి ఆక్సిజన్ ఇస్తుంటే అంకె మరీ బాగుంటుంది, మోసం అక్కడే. పొద్దున్నే తలనొప్పి, పగలు మగత, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం కనిపిస్తే డాక్టరుకు చూపించండి. నేనైతే రోజూ ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో రాసుకోమంటాను. నిన్న 18, ఇవాళ 11 అయితే ఆక్సిమీటర్ ఏం చెప్పినా నేను వినను.

గురక పెడుతున్నాడంటే హాయిగా నిద్రపోతున్నాడనుకోకండి. మెడ దెబ్బ ఉన్నవాళ్ళలో నిద్రలో ఊపిరి ఆగే సమస్య మామూలే, పరీక్ష చేయించాలి. పెరుగు మానిపించడం వల్ల కఫం తగ్గదు, పాపం నోటికి రుచి తప్ప పోయేదేమీ లేదు. సిగరెట్, బీడీ మానిపించండి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టరును అడగండి.

ఆవిరి పట్టేటప్పుడు గిన్నె ఒళ్ళో పెట్టకండి. నీళ్ళు తొణికినా కాళ్ళకు స్పర్శ ఉండదు, బొబ్బలెక్కాకే తెలుస్తుంది.

మన ఊళ్ళో ఇంకో సంగతి. మిర్చి సీజన్‌లో యార్డు చుట్టుపక్కల ఆ ఘాటుకు మనం రెండు దగ్గులు దగ్గి ఊరుకుంటాం. ఆ రెండు దగ్గులే అతనికి లేవు. మిరపకాయలు వేయించేటప్పుడు అతని గది తలుపు వేసి, వంటింటి కిటికీ తెరిచిపెట్టండి.