ఫోటో వాక్‌ను (బృందంగా నడుస్తూ ఫోటోలు తీయడం) తొలిసారి నడిపించేవారికి: అపోహలు - వాస్తవాలు

అపోహ: అందరికంటే బాగా ఫోటోలు తీసేవారే వాక్‌ను నడిపించాలి.

వాస్తవం: నడిపించేవారికి ముందుగా కావలసింది దారి మీద, వేళ మీద పట్టు. చార్మినార్ పరిసరాల్లో వాక్ పెట్టదలచుకుంటే, బృందాన్ని వారంలో ఏ రోజు, ఏ వేళకు తీసుకువెళ్తారో, అంతకుముందు వారంలో అదే రోజు, అదే వేళకు ఆ దారంతా ఒకసారి నడిచి చూడాలి. చార్మినార్‌కు పడమటి వైపున్న లాడ్ బజార్‌లో నిలబడి ఉదయంపూట ఫోటో తీస్తే ఎండ ఎదురుగా ఉంటుంది కనుక కట్టడం నల్లగా వస్తుంది. ఉత్తరాన గుల్జార్ హౌజ్ వైపు నుంచి తీస్తే అదే ఎండ పక్క నుంచి పడి, సున్నపు గచ్చుతో చేసిన నగిషీలు స్పష్టంగా తేలతాయి. అయితే పొద్దున్నే లాడ్ బజార్‌లోని లక్క గాజుల దుకాణాలు తెరవరు. వేడికి మెత్తబడిన లక్కలో చిన్న చిన్న రాళ్లు పొదిగే చేతులను చూపించాలనుకుంటే వాక్‌ను మధ్యాహ్నానికి మార్చుకోవాలి తప్ప, రెండూ ఒకే పూటలో ఇమడవు.

అపోహ: ఎంత ఎక్కువమంది వస్తే వాక్ అంత బాగా జరిగినట్టు.

వాస్తవం: పాతబస్తీ సందుల్లో పది పన్నెండు మందికి మించితే వెనుకవారు ముందువారికి కనిపించరు. ఫోటో తీసేవారు నచ్చిన చోట ఆగిపోతారు, అది సహజం. అందుకే బృందం చివర దారి తెలిసిన ఒకరిని ఉంచి, ఎక్కడ, ఎన్ని గంటలకు కలుసుకోవాలో ముందే చెప్పాలి.

అపోహ: వీధిలో ఉన్నవారిని అడగకుండానే ఫోటో తీయవచ్చు.

వాస్తవం: ఈ విషయంలో నేను సడలింపు ఇవ్వను. పని చేసుకుంటున్న మనిషి ముందు పది కెమెరాలు ఒక్కసారిగా లేస్తే ఆయన పని ఆగిపోతుంది, ముఖం ముడుచుకుపోతుంది. ఇద్దరిద్దరుగా వెళ్లి, పలకరించి, అడిగి తీయాలి. వద్దంటే నమస్కరించి కదలాలి. మక్కా మసీదు దగ్గరికి శుక్రవారం నమాజు వేళ బృందాన్ని తీసుకువెళ్లడం నాకు సమ్మతం కాదు.

అపోహ: ట్రైపాడ్ ఉంటే ఎక్కడైనా నిలబెట్టుకోవచ్చు.

వాస్తవం: చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం కనుక, అక్కడ ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి ఉండాలి. ఈ సంగతి ముందురోజే అందరికీ తెలియజేయాలి.

అపోహ: నడిచినంతసేపూ పాఠం చెబుతూనే ఉండాలి.

వాస్తవం: 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్ గురించి మొదట్లో నాలుగు మాటలు చెబితే చాలు. కొత్తగా కెమెరా పట్టినవారి పక్కన కాసేపు నిలబడి, వారు అడిగినదానికి ఓపికగా జవాబివ్వడం అంతకంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. చివరన ఇరానీ చాయ్ దగ్గర ఒక్కొక్కరూ తమకు నచ్చిన రెండేసి ఫోటోలు చూపించేందుకు కనీసం అరగంట విడిగా కేటాయించండి.