రాతి గూళ్ళలో ఎముకలు ఏమైనట్టు?

సీమలో రాక్షసగుళ్ళు, అంటే ఇనుపయుగంలో పెద్ద బండలతో కట్టిన సమాధులు, తవ్వినప్పుడు కుండలు, ఇనుప కత్తులు దొరికి ఎముకలు మాత్రం కనబడకపోతే, "ఇది శవం పెట్టని ఉత్త గుర్తు సమాధి" అని తేల్చేయడం పాత అలవాటు. అంతకన్నా ముందు అక్కడి మట్టిని చూడాలి.

ఎముకలో సుమారు మూడింట రెండొంతులు కాల్షియం ఫాస్ఫేటు ఖనిజం. మిగతాదాంట్లో ఎక్కువ కొల్లాజెన్ ప్రొటీను. ఖనిజాన్ని ఆమ్లం కరిగిస్తుంది, ప్రొటీన్ని వేడీ సూక్ష్మజీవులూ తినేస్తాయి.

ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఎముకల కథ మొదలైంది బేతంచెర్ల సున్నపురాతి కొండల్లో. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ బిలస్వర్గం గుహల సంగతి వెల్లడించాడు. 1884-85లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, కొడుకు హెన్రీ అక్కడ తవ్వితే ఖడ్గమృగంతో సహా బోలెడన్ని జంతువుల ఎముకలు బయటపడ్డాయి. సున్నపురాతిలోంచి దిగే నీటిలో అప్పటికే కాల్షియం నిండుగా ఉంటుంది, ఎముకలోది లాక్కోవాల్సిన పని దానికుండదు. చిక్కల్లా ఎముకకు పట్టే సున్నపు పెచ్చుతోనే. దాన్ని శుభ్రంగా తీయకుండా కార్బన్ పరీక్షకు పంపితే వయసు తప్పుతుంది.

అనంతపురం గ్రానైటు నేలలు వేరు. గరుకు ఎర్రమట్టిలోంచి ప్రతి వానకూ కొత్త నీరు దిగిపోతూ ఖనిజాన్ని కొంచెం కొంచెంగా మోసుకుపోతుంది. మట్టి పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) 7 కిందికి జారి ఆమ్లగుణం పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. బండల గూడు బోలుగా ఉంటే వానకు తడుస్తూ, ఎండకు ఆరుతూ ఎముక చిట్లిపోతుంది. ఆ కాలంలో చాలాచోట్ల శవం కుళ్ళాక ఎముకలేరి పూడ్చేవారు, కాబట్టి పూడ్చేనాటికే అవి సగం దెబ్బతిని ఉండొచ్చు.

ఆదోని వైపు నల్లరేగడికి క్షారగుణం, అందుకని ఎముక కరగదు. కానీ వానకు ఉబ్బి, వేసవికి నెర్రెలిచ్చే ఆ మట్టి ఎముకల్ని విరిచేస్తుంది. ముక్కలు నెర్రెల్లోంచి కిందికి జారితే దొరికిన లోతు కూడా నమ్మలేం.

డీఎన్ఏకు పెద్ద శత్రువు వేడి. హర్యానాలోని సింధు నాగరికత స్థలం రాఖీగఢీ మీద 2019లో ప్రచురించిన అధ్యయనంలో 61 నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చే జన్యుసమాచారం ఒక్కదాంట్లోనే దొరికింది. సీమ ఎండల్లో అంతకన్నా ఎక్కువ ఆశించలేం. అయినా ప్రయత్నించాలంటే లోపలి చెవి చుట్టూ ఉండే గట్టి ఎముకను, ప్యారాలాయిడ్ లాంటి జిగురు పూయకముందే, చేతికి తొడుగులేసుకుని తీయాలి.

గూట్లో ఏమీ కనబడకపోతే దాని అడుగు మట్టిని నాలుగైదు చోట్ల, పోలికకు గూటి బయట ఒకచోట తీసి ఫాస్ఫేటు చూడాలి. లోపలే బాగా ఎక్కువగా ఉంటే శవం ఉండి కరిగిపోయిందని అనుమానించవచ్చు. ఎరువు, పశువుల పేడ పడిన పొలాల్లో మాత్రం ఈ లెక్క పనిచేయదు. తీసిన మట్టినంతా సన్నజల్లెడ పట్టాలి. పంటి ఎనామెల్‌లో 96 శాతం ఖనిజమే కాబట్టి, మిగతా ఎముకలన్నీ పోయినా పసిపిల్లల పళ్ళ చిప్పలు ఆ జల్లెడలో మిగలవచ్చు.